యంత్రానికి వంతు నేర్పిన మేధావి

బనగానపల్లె పేరు వినగానే తియ్యని మామిడిపండు గుర్తుకు వస్తుంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రచించిన చోటుగా ప్రతీతి పొందిన రవ్వలకొండ గుర్తుకు వస్తుంది. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గం ప్రారంభమైన నాటి నుంచి ఆ ఊరికి రైలుకూత కూడా పరిచయమైంది. ఆ మార్గాన్ని ఒంటి పట్టాల దారిగా నిర్మించారు. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఒంటి దారిలోకి ఒకేసారి ప్రవేశించరాదు. ఒక బండి కోవెలకుంట్ల నుంచి బయలుదేరితే, అది వచ్చి చేరేవరకు రెండవ బండి బనగానపల్లె స్టేషనులో ఆగి ఉండవలసిందే. డ్రైవరు ఎంత నిపుణుడైనా, బండి ఎంత వేగం కలదైనా ఈ నియమానికి మినహాయింపు లేదు. సిగ్నల్ పడేవరకు నిరీక్షించాలి. ఆ నిరీక్షణ ప్రయాణికులకు విసుగు కలిగించవచ్చు. కాని వారి ప్రాణాలకు అదే రక్ష.

నేడు విద్యార్థుల చేతులలోని సెల్‌ఫోన్‌లో కూడా ఇటువంటి ఒంటి దారులు ఉన్నాయి. పాట వినిపిస్తూ ఉండగానే సందేశం వస్తుంది. సందేశం చదువుతూ ఉండగానే గడియారంలో నిమిషం మారుతుంది. ఇంతలో ఎవరో పిలుస్తారు. ఇవన్నీ ఏకకాలంలో జరుగుతున్నట్లు చూసేవారికి తోస్తుంది. నిజానికి లోపల లెక్కలు చేసే ప్రాసెసర్లు కొన్నే; చేయవలసిన పనులు వందలకొలది. ఏ పని ముందు, ఏ పని తరువాత, దేనిని ఎంతసేపు నడపాలి, దేనిని ఎక్కడ ఆపాలి అనే నిర్ణయం క్షణక్షణం జరుగుతూ ఉండాలి. ఆ నిర్ణయం చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. మామిడి టెంకలోని జీడి వలె దాని లోపల కంటికి కనబడకుండా ఉండి, సమస్తాన్నీ నడిపించే భాగాన్ని కెర్నెల్ అంటారు. ఆ మాటకు అర్థమే గింజలోని పప్పు. పనులకు వంతులు నిర్ణయించే విధానాన్ని షెడ్యూలింగ్ అంటారు. ఈ వంతుల వ్యవస్థకు రైలు సిగ్నల్ నుంచి పేరు తెచ్చి, తర్కబద్ధమైన పునాది వేసిన మేధావి ఎడ్స్‌గర్ వైబ్ డైక్‌స్ట్రా.

డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్ దేశంలోని రోటర్‌డామ్ నగరంలో జన్మించారు. నలుగురు సంతానంలో ఆయన మూడవవారు. తండ్రి రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు. ఆ దేశపు రసాయనశాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షత వహించిన విద్వాంసుడు. తల్లి గణితంలో ప్రజ్ఞావంతురాలు. ఆమె ఎన్నడూ ఉద్యోగం చేయలేదు. ఒక సమస్యకు దొరికిన సమాధానం సరియైనదైతే చాలదు, అది క్లుప్తంగానూ సొగసుగానూ ఉండాలనే అభిరుచి ఆమె నుంచే కుమారునికి అబ్బింది. బాల్యంలో ఆయన ఆశయం వేరు. న్యాయశాస్త్రం చదివి, ఐక్యరాజ్యసమితిలో తన దేశానికి ప్రతినిధిగా నిలవాలని ఆయన కోరుకున్నారు. కాని 1948లో పాఠశాల విద్య ముగిసేనాటికి గణితంలోను, విజ్ఞానశాస్త్రాలలోను ఆయనకు వచ్చిన మార్కులు చూసి పెద్దలు ఆయనను శాస్త్రవిద్య వైపు మళ్లించారు. ఆ విధంగా ఆయన లైడెన్ విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతికశాస్త్ర విద్యార్థి అయ్యారు.

ఆయన జీవితాన్ని మార్చినది ఒక ప్రకటన. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కంప్యూటర్ ప్రోగ్రాముల రచనపై మూడు వారాల తరగతులు జరుగుతాయని తండ్రి ఒక ప్రకటనలో చూశారు. ఆయన ప్రోత్సాహంతో 1951 సెప్టెంబరులో డైక్‌స్ట్రా ఆ తరగతులకు హాజరయ్యారు. ఆనాటికి ప్రపంచంలో కంప్యూటర్లు వేళ్ల మీద లెక్కించదగినన్నే ఉండేవి. మరుసటి సంవత్సరం మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణితకేంద్రంలో ఆయనకు ప్రోగ్రామర్‌గా ఉద్యోగం లభించింది. తన దేశంలో ఆ వృత్తి చేపట్టిన మొదటి వ్యక్తి ఆయనే. అయితే మనసులో ఒక సందేహం ఆయనను వెంటాడింది. భౌతికశాస్త్రానికి శతాబ్దాల చరిత్ర ఉంది, గౌరవం ఉంది. ప్రోగ్రామ్ రచనకు ఏముంది? అది విద్య అనిపించుకుంటుందా, లేక ఒట్టి చేతివాటమేనా? ఆయన తన పై అధికారి అయిన వాన్ వైన్‌గార్డెన్‌తో ఈ సందేహం చెప్పుకున్నారు. కంప్యూటర్లు ఇకమీదట ఉండిపోయేవేనని, ఈ పనిని గౌరవనీయమైన విద్యగా తీర్చిదిద్దేవారిలో డైక్‌స్ట్రా ఒకరు ఎందుకు కారాదని ఆ పెద్దమనిషి అడిగారు. ఆ సంభాషణతో యువకుని సంశయం తొలగిపోయింది.

1957లో మరియా డెబెట్స్‌తో ఆయనకు వివాహమైంది. వివాహపత్రంలో వృత్తి అనే చోట ఆయన ప్రోగ్రామర్ అని తెలిపారు. అటువంటి వృత్తి ఏదీ లేదని ఆమ్‌స్టర్‌డామ్ పురపాలక అధికారులు నిరాకరించారు. చివరకు భౌతికశాస్త్రజ్ఞుడని రాయించవలసి వచ్చింది. లోకం పేరే ఎరుగని వృత్తికి ఆయన జీవితాన్ని అంకితం చేశారన్నమాట. వివాహానికి ముందటి సంవత్సరం, కాబోయే భార్యతో కలిసి కాఫీ తాగుతూ కూర్చున్నప్పుడు ఒక ఊరి నుంచి మరొక ఊరికి అతి దగ్గరి దారిని కనుగొనే పద్ధతి ఆయనకు స్ఫురించింది. కాగితం, కలం లేకుండానే ఇరవై నిమిషాలలో ఆయన దానిని మనసులో రూపొందించారు. 1959లో ప్రచురితమైన ఆ పద్ధతిని నేటికీ ప్రపంచమంతటా కంప్యూటర్ విద్యార్థులు ఆయన పేరుతోనే చదువుకుంటున్నారు.

ఆ కాలంలోనే ఆయనకు ఒక గొప్ప భయం ఎదురైంది. గణితకేంద్రంలో లోప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే సహచరులు ఎక్స్-1 అనే కొత్త యంత్రాన్ని రూపొందిస్తున్నారు. అంతకు ముందటి యంత్రాలు ఒక అక్షరం అచ్చు వేయవలసి వస్తే, ఆ అక్షరం పడేవరకు ఏమీ చేయకుండా కాచుకొని ఉండేవి. ఇది కాలవ్యయమని సహచరులు భావించారు. అచ్చుయంత్రం తన పని తాను చేసుకుంటూ ఉంటే కంప్యూటర్ వేరొక లెక్క చేయాలి. అచ్చు పూర్తికాగానే ఆ పరికరమే ఒక సంకేతం పంపి కంప్యూటర్‌ను ఆపాలి. కంప్యూటర్ చేస్తున్న పనిని అక్కడికక్కడ నిలిపి, పరికరానికి కావలసినది చూసి, తిరిగి పాత పని అందుకోవాలి. ఈ అంతరాయ సంకేతాన్ని ఇంటరప్ట్ అంటారు.

తెలుగువారికి సుపరిచితమైన అష్టావధానాన్ని తలచుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. తిరుపతి వేంకటకవులు ఊరూరా ప్రదర్శించి ప్రసిద్ధికి తెచ్చిన ఈ విద్యలో అవధాని ఎదుట ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. అవధాని సమస్యకు ఒక పాదం చెప్పి, దత్తపదికి మరలుతాడు. అక్కడ ఒక పాదం చెప్పి, వర్ణనకు మరలుతాడు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదంగా పద్యాలన్నీ పూర్తవుతాయి. నడుమ అప్రస్తుతప్రసంగి ఏ క్షణంలోనైనా అడ్డు తగులుతాడు. అతనికి సమాధానం చెప్పి, ఏ పద్యం ఏ గణం వద్ద ఆగిందో అవధాని మరల అక్కడి నుంచే అందుకోవాలి. చివరకు అన్నింటినీ ధారణ చేయాలి. మరలే ముందు ప్రతి పద్యపు స్థితిని మనసులో పదిలపరచుకోవడమే ఈ విద్యకు ప్రాణం. కంప్యూటర్ చేయవలసినది కూడా అదే. అంతరాయం వచ్చిన క్షణంలో ప్రాసెసర్‌లోని అంకెలన్నింటినీ, తరువాత చేయవలసిన ఆదేశం ఏదన్న గుర్తుతో సహా, ఒకచోట భద్రపరచాలి. తిరిగి వచ్చినప్పుడు ఒక్కటి కూడా తప్పకుండా యథాస్థానంలో ఉంచాలి.

సహచరులకు ఇది సదుపాయంగా కనిపించింది. డైక్‌స్ట్రాకు ప్రమాదంగా కనిపించింది. అప్పటివరకు ఒక ప్రోగ్రామ్‌ను పదిసార్లు నడిపితే పదిసార్లూ అది ఒకే దారిలో నడిచేది. తప్పు ఉంటే మళ్లీ నడిపి పట్టుకోవచ్చు. అంతరాయం మాత్రం ఏ రెండు ఆదేశాల నడుమనైనా రావచ్చు. ఒక్క అంకెను భద్రపరచడం మరచినా, వేయిసార్లు సవ్యంగా నడిచి, వేయిన్నొకటవసారి తప్పు రావచ్చు. మళ్లీ నడిపి చూస్తే ఆ తప్పు కనిపించదు. కనిపించని తప్పును దిద్దడం ఎలా? అందుచేత ఆయన కొంతకాలం ఆ ఏర్పాటుకు సమ్మతించలేదు. సహచరులు ఆయన సామర్థ్యాన్ని పొగిడి, ఈ పనికి తగినవారు ఆయనే అని చెప్పి ఒప్పించారు. ఒప్పుకున్న తరువాత ఆయన తన భయాన్ని మరచిపోలేదు. దానినే మార్గదర్శిగా చేసుకున్నారు. పరీక్షించి చూసి సరిపెట్టుకోవడం ఇక్కడ పనికిరాదని, ఏ క్షణంలో అంతరాయం వచ్చినా ప్రోగ్రామ్ తప్పదని తర్కంతో ముందే నిశ్చయించుకోవాలని గ్రహించారు. ఎక్స్-1 కోసం ఆయన రచించిన ఆ ప్రోగ్రామే 1959లో ఆయన డాక్టరేట్ సిద్ధాంతవ్యాసానికి విషయమైంది.

పట్టుదల ఆయనకు సహజగుణం. 1960లో జోనెవెల్డ్ అనే మిత్రునితో కలిసి ఆల్గాల్-60 అనే భాషకు అనువాదక ప్రోగ్రామ్ రచనకు పూనుకున్నారు. అది పూర్తయ్యేవరకు గడ్డం గీసుకోరాదని ఇద్దరూ నియమం పెట్టుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో పని ముగిసింది. మిత్రుడు త్వరలోనే గడ్డం తీసివేశాడు. డైక్‌స్ట్రా మాత్రం దానిని జీవితాంతం ఉంచుకున్నారు.

1962లో ఆయన ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గణితాచార్యులుగా చేరారు. కొద్ది కాలానికి అక్కడికి ఎక్స్-8 అనే యంత్రం వచ్చింది. విద్యార్థులు, అధ్యాపకులు తమ లెక్కలను చిల్లుల కాగితపు పట్టీల మీద తెచ్చేవారు. ఆ పట్టీని చదివే పరికరం సెకనుకు 1000 అక్షరాలు చదవగలదు. వినడానికి ఇది గొప్ప వేగమే. కాని ఒక అక్షరం వచ్చేలోగా ఆ యంత్రం తన జ్ఞాపకాన్ని 400 సార్లు సంప్రదించగలదు. ఒక్కొక్కరి పని పూర్తిగా ముగిసిన తరువాతనే మరొకరి పని చేపడితే, అంత విలువైన యంత్రం చాలా కాలం ఊరకే ఉండవలసి వస్తుంది. రెండు నిమిషాల లెక్క కలవాడు, రెండు గంటల లెక్క కలవాని వెనుక నిలబడవలసి వస్తుంది. అనేకుల పనులను ఒకేసారి లోపలికి తీసుకొని, వాటిని వంతులవారీగా నడిపించడమే దీనికి పరిష్కారం.

వంతులు నడపడానికి కెర్నెల్ ప్రతి పనికి ఒక స్థితిని గుర్తు పెట్టుకుంటుంది. ప్రస్తుతం ప్రాసెసర్ మీద నడుస్తున్నది ఒక స్థితి. నడవడానికి సిద్ధంగా ఉండి వంతు కోసం వరుసలో నిలిచినది రెండవ స్థితి. పరికరం నుంచి అక్షరమో, మరొక పని నుంచి సమాచారమో రావలసి ఉండి నిద్రలో ఉన్నది మూడవ స్థితి. నడుస్తున్న పని ఏదైనా కోసం వేచి ఉండవలసి వస్తే కెర్నెల్ దానిని నిద్రపుచ్చి, సిద్ధంగా ఉన్నవాటిలో ఒకదానిని ఎన్నుకుంటుంది. ఏ పనీ ప్రాసెసర్‌ను వదలకుండా పట్టుకొని కూర్చోకుండా గడియారం కాలానుగుణంగా అంతరాయ సంకేతం పంపుతూ ఉంటుంది. అవధానంలో గంటలు కొట్టేవాని వలె గడియారం ఇక్కడ హెచ్చరిక చేస్తుంది. అప్పుడు నడుస్తున్న పని స్థితిని భద్రపరచి, మరొక పనికి వంతు ఇస్తారు.

ఇంతవరకు ఒకే యంత్రాన్ని పంచుకోవడం గురించిన మాట. పనులు ఒకే సమాచారాన్ని పంచుకున్నప్పుడు అసలు చిక్కు ఏర్పడుతుంది. అన్నదమ్ములు ఇద్దరికి కలిపి బ్యాంకులో ఒక ఖాతా ఉన్నదనుకుందాం. అందులో 10,000 రూపాయలు ఉన్నాయి. అన్న 4,000, తమ్ముడు 3,000 ఒకే సమయంలో వేరువేరు చోట్ల తీసుకున్నారు. మొదటి పని ఖాతా చూసి 10,000 అని తెలుసుకుంది. అది లెక్క ముగించేలోగా వంతు మారింది. రెండవ పని కూడా ఖాతా చూసి 10,000 అనే తెలుసుకుంది. మొదటిది 6,000 అని రాసింది. రెండవది దాని మీద 7,000 అని రాసింది. నిజానికి మిగలవలసినవి 3,000. రెండు పనులలో ఏదీ విడిగా తప్పు చేయలేదు. రెండూ ఒకే సమయంలో ఒంటి దారిలోకి ప్రవేశించడమే తప్పు.

ఇద్దరి విషయంలో ఈ చిక్కుకు డెక్కర్ అనే డచ్చి గణితజ్ఞుడు పరిష్కారం చూపారు. ఎందరున్నా వర్తించే పరిష్కారాన్ని 1965లో డైక్‌స్ట్రా ప్రకటించారు. అంతకంటె సులభమైన సాధనం కోసం ఆయన అన్వేషించారు. అప్పుడు రైలుమార్గంలోని సిగ్నల్ స్తంభం ఆయనకు తోడ్పడింది. దాని పేరుతోనే ఆయన తన సాధనానికి సెమఫోర్ అని పేరుపెట్టారు. సెమఫోర్ అంటే ఒక సంఖ్య, దానితోపాటు వేచి ఉన్నవారి వరుస. దానిపై రెండు చర్యలే చెల్లుతాయి. దాటడం, విడిచిపెట్టడం అనే అర్థాలు గల డచ్చి మాటల మొదటి అక్షరాలతో ఆయన వాటిని పి అని, వి అని పిలిచారు. ఒంటి దారిలోకి వెళ్లదలచిన పని ముందుగా పి చేయాలి. అప్పుడు సంఖ్య ఒకటి తగ్గుతుంది. దారి ఖాళీగా ఉంటే పని ముందుకు సాగుతుంది. లేకుంటే వరుసలో నిద్రపోతుంది. లోపలి పని బయటకు వస్తూ వి చేస్తుంది. సంఖ్య ఒకటి పెరిగి, వరుసలో ఉన్నవారిలో ఒకరు మేల్కొంటారు. ఈ రెండు చర్యలు జరుగుతున్నప్పుడు నడుమ మరొకరు దూరరాదు. ఆ హామీ కెర్నెల్ ఇస్తుంది.

ఈ సాధనంలోని గొప్పతనం దాని నిరాడంబరతలో ఉంది. ఏ పని ఎంత వేగంగా నడుస్తుంది, ఏది ముందు వస్తుంది అనే ఊహలతో దీనికి అవసరం లేదు. వేగాలు ఎట్లున్నా ఫలితం సరిగానే ఉంటుంది. నిపుణుడైన డ్రైవరును నమ్మి రెండు బండ్లను ఒంటి దారిలోకి వదలడం ఎంత అవివేకమో, వేగాలను నమ్మి ప్రోగ్రామ్ రాయడం అంత అవివేకమని ఆయన సిద్ధాంతం.

అయితే నిరీక్షణలోనూ ఒక ప్రమాదం ఉంది. 1965లో ఆయన విద్యార్థుల పరీక్షకు ఇచ్చిన ఒక ప్రశ్న తరువాతి కాలంలో ఐదుగురు తత్త్వవేత్తల కథగా ప్రసిద్ధి చెందింది. గుండ్రని బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. ఇద్దరిద్దరి నడుమ ఒక్కొక్కటిగా ఐదు ఫోర్కులు ఉన్నాయి. భోజనం చేయడానికి ఒక్కొక్కరికి రెండు ఫోర్కులు కావాలి. అందరూ ఒకేసారి ఎడమవైపు ఫోర్కు తీసుకుంటే, కుడివైపు ఫోర్కు కోసం అందరూ ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ తినలేదు. పనులు ఇలా ఒకదాని కోసం మరొకటి శాశ్వతంగా ఆగిపోవడాన్ని డెడ్‌లాక్ అంటారు. ఫోర్కులకు వరుస సంఖ్యలు ఇచ్చి, ప్రతివారూ తమ రెండింటిలో చిన్న సంఖ్యగల దానినే ముందు తీసుకోవాలని నియమం పెడితే ఈ ప్రతిష్టంభన రాదు. నియమం చిన్నదే, కాని అందరూ పాటించినప్పుడే అది ఫలిస్తుంది.

ఈ భావాలన్నీ ఐండ్‌హోవెన్‌లో ఒక నిర్మాణంగా రూపుదాల్చాయి. విశ్వవిద్యాలయపు డచ్చి పేరులోని మూడు మొదటి అక్షరాలతో ఆ ఆపరేటింగ్ సిస్టమ్ టి.హెచ్.ఇ. అని ప్రసిద్ధి పొందింది. పనిచేసినవారు సుమారు ఆరుగురు. వారు కూడా సగం కాలమే ఈ పనికి కేటాయించగలిగారు. ఆ వ్యవస్థను డైక్‌స్ట్రా అంతస్తుల మేడ వలె కట్టించారు. అన్నిటికంటె కింది అంతస్తు ప్రాసెసర్‌ను పనులకు పంచుతుంది. గడియారపు అంతరాయాన్ని స్వీకరిస్తుంది. దాని పైనున్నవారు ప్రాసెసర్ ఒకటా, రెండా అని ఆలోచించనక్కరలేదు. రెండవ అంతస్తు జ్ఞాపకాన్ని పంచుతుంది. మూడవది యంత్రం నడిపే ఉద్యోగితో సంభాషణను చూస్తుంది. నాలుగవది పరికరాలను నడుపుతుంది. ఐదవదానిలో విద్యార్థుల ప్రోగ్రాములు ఉంటాయి. యంత్రాన్ని నడిపే ఉద్యోగిని కూడా ఆయన చివరి అంతస్తుగానే లెక్కించారు. ప్రతి అంతస్తూ తన కింది అంతస్తును మాత్రమే నమ్ముకొని ఉంటుంది. కిందిది నిర్దుష్టమని తేలిన తరువాతనే పైదానిని చేర్చారు.

దీని ఫలితం ఆశ్చర్యకరమైనది. పరీక్షల్లో బయటపడినవి సుమారు 500 ఆదేశాలకు ఒకటి చొప్పున చిన్న చిన్న రాతదోషాలు మాత్రమే. వాటిని కొద్ది నిమిషాలలోనే కనిపెట్టి దిద్దగలిగారు. ఆలోచనలో దోషం మాత్రం బయటపడలేదు. ఏ క్షణంలో ఏమి జరుగుతుందో తెలియదని ఒకనాడు భయపడిన వ్యక్తి, ఏ క్షణంలో ఏమి జరిగినా చెదరని వ్యవస్థను నిర్మించి చూపారు. 1967లో అమెరికాలో జరిగిన సదస్సులో ఆయన దీనిని వివరించారు. 1968లో ఆ వ్యాసం ప్రచురితమైంది.

విజయం వెంట సంతోషమే వస్తుందన్న నియమం లేదు. కంప్యూటర్ శాస్త్రం తమకు సంబంధించిన విద్య కాదని ఆయన విభాగం భావించింది. ఆయన కూర్చిన బృందాన్ని విడదీశారు. ఇకమీదట ఏమి చేయాలో ఆయనకు తోచలేదు. 1968లో ఆయన తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనయ్యారు. పనులకు వంతులు నిర్ణయించిన మనిషికి తన తరువాతి పని ఏదో తెలియని స్థితి వచ్చింది. ఆ చీకటి నుంచి బయటపడడానికి ఆయన రాయడం ప్రారంభించారు. నిర్మాణక్రమం గల ప్రోగ్రామ్ రచనపై 1969లో ఆయన రాసిన గ్రంథం ఆ విధంగా రూపొందింది. మొదట తనకు చికిత్సగా రాసుకున్న ఆ రచన దేశదేశాల ప్రోగ్రామర్ల ఆలోచనా విధానాన్ని మార్చింది. 1972లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించింది. రాయలసీమలోని కాటూరు గ్రామంలో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి 1994లో అందుకున్నది కూడా ఈ పురస్కారాన్నే.

1973 నుంచి ఆయన బరోస్ కంపెనీ పరిశోధకునిగా న్యూనెన్ అనే ఊరిలోని తన ఇంట్లోనే పనిచేశారు. 1984లో అమెరికాలోని ఆస్టిన్ నగరానికి వెళ్లి, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1999 వరకు ఆచార్య పదవి నిర్వహించారు. లోకమంతా కంప్యూటర్ల మీద రాస్తున్న కాలంలో కూడా ఆయన ఫౌంటెన్ పెన్నుతో ముత్యాల వంటి అక్షరాలతో వ్యాసాలు రాసేవారు. తన పేరులోని మొదటి అక్షరాలతో వరుస సంఖ్యలు వేసిన ఆ రచనలు 1300కు పైగా ఉన్నాయి. వాటి నకళ్లను మిత్రులకు పంపేవారు. వారు మరికొందరికి పంపేవారు. తీరికవేళల్లో పియానో వాయించడం ఆయనకు ప్రీతి. ఆయనలో కాఠిన్యం కూడా లేకపోలేదు. తనకు నచ్చని పద్ధతులను, భాషలను ఆయన నిర్దాక్షిణ్యంగా విమర్శించారు. ఆ మాటలకు నొచ్చుకున్నవారు ఎందరో. పెద్ద పెద్ద ప్రోగ్రాములను ఆదినుంచి తర్కంతో నిరూపిస్తూ పోవడం ఆచరణలో సాధ్యం కాదని వాదించినవారు కూడా ఉన్నారు. అయినా ఆయన తన ప్రమాణాన్ని తగ్గించుకోలేదు.

ఆయన హెచ్చరిక ఎంత విలువైనదో 1997లో లోకానికి మరొకమారు తెలిసింది. ఆ ఏడాది జూలై 4న పాత్‌ఫైండర్ అనే అమెరికా వ్యోమనౌక అంగారకునిపై దిగింది. కొద్ది రోజులకే అందులోని కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగి, మళ్లీ మొదటి నుంచి ప్రారంభం కాసాగింది. వాతావరణ వివరాలు సేకరించే అల్పప్రాధాన్యపు పని ఒకటి ఉమ్మడి సమాచార మార్గానికి తాళం వేసుకొని ఉండగా, మధ్యస్థాయి పనులు దానిని పక్కకు నెట్టి తాము నడిచేవి. వాటికంటె ముఖ్యమైన పని ఆ తాళం కోసం ఎదురుచూస్తూ నిలిచిపోయేది. చిన్నవాడు తాళంచెవి పట్టుకొని వాకిట్లో చిక్కుకుపోతే పెద్దవాడు గుమ్మం వద్ద నిలబడినట్లు అయింది. ముఖ్యమైన పని సకాలంలో ముగియలేదని గమనించిన కాపలా వ్యవస్థ యంత్రాన్ని పునఃప్రారంభించేది. భూమిపై నడిపిన పరీక్షల్లోనూ ఈ లోపం ఒకటి రెండుసార్లు తొంగిచూసి మాయమైంది. పెద్దవాడు ఎదురుచూస్తున్నంతసేపు తాళం పట్టుకున్న చిన్నవానికి పెద్దవాని ప్రాధాన్యమే ఇవ్వాలన్న నియమాన్ని అమలుచేసే ఏర్పాటు ఆ వ్యవస్థలో అప్పటికే ఉంది, దానిని పనిచేయించలేదు. భూమి నుంచి ఆదేశం పంపి ఆ ఏర్పాటును పనిచేయించాక దోషం తొలగింది. పరీక్షలు తప్పులు ఉన్నాయని చూపగలవే కాని, తప్పులు లేవని చూపలేవని డైక్‌స్ట్రా జీవితమంతా బోధించిన సత్యాన్ని ఆ వ్యోమనౌక నిరూపించింది.

2002 ఆగస్టు 6న న్యూనెన్‌లోని స్వగృహంలో డైక్‌స్ట్రా క్యాన్సర్ వ్యాధితో మరణించారు. ఆ తరువాతి సంవత్సరం నుంచి, అనేక కంప్యూటర్లు కలిసి పనిచేసే విధానంపై వెలువడిన ఉత్తమ పరిశోధనకు ఇచ్చే పురస్కారానికి ఆయన పేరు పెట్టారు. కంప్యూటర్ల రూపురేఖలు ఆనాటికీ ఈనాటికీ ఎంతగానో మారాయి. గదినిండా ఉండే యంత్రం అరచేతిలోకి వచ్చింది. వంతులు ఎన్నుకునే పద్ధతులు ఎన్నో కొత్తవి వచ్చాయి. అయినా సెమఫోర్ నేటి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఇంకా పనిచేస్తూనే ఉంది.

తనకు తెలియనిదానిని చూసి భయపడడం లోపం కాదు. ఆ భయాన్ని దాచుకొని ఏదో ఒకవిధంగా పని ముగించడమే లోపం. డైక్‌స్ట్రా తన భయాన్ని నిజాయితీగా ఒప్పుకున్నారు. దానికి కారణం వెదికారు. కారణం తెలిసిన తరువాత నియమం కనుగొన్నారు. వేగం కలవాడే ముందు వెళ్లాలని, బలం కలవాడే దారి ఆక్రమించాలని కాక, ప్రతివానికీ వంతు ఉంటుందని, వంతు వచ్చేవరకు ఆగడం, పని ముగియగానే దారి విడవడం అందరి బాధ్యత అని యంత్రాలకు నేర్పారు. బనగానపల్లె స్టేషనులో సిగ్నల్ కోసం ఆగిన బండి పాటించేది ఆ నియమాన్నే. అరచేతిలోని సెల్‌ఫోన్ క్షణానికి వందలసార్లు పాటించేది కూడా ఆ నియమాన్నే. యంత్రాలు నేర్చిన ఆ మర్యాద మనుషులకూ అలవడినప్పుడు డైక్‌స్ట్రా శ్రమ మరింత సార్థకమవుతుంది.